బొటనవ్రేలి క్రింది చలనచిత్రము

లెక్కల నోటుపుస్తకమున కుడిచేతి వైపు క్రింది మూలలో ఒక పుల్లమనిషి బొమ్మను గీసి, తరువాతి పుటలో సరిగా అదే చోట అదే బొమ్మను చేయి కొంచెము పైకెత్తినట్లు గీసి, ఈ విధముగా ముప్పది నలువది పుటలు నింపి, పిమ్మట పుటల అంచును బొటనవ్రేలితో వంచి ఒక్కొక్కటిగా జారవిడిచినచో ఆ మనిషి చేయి ఊపును. ఈ విద్యను ఏ పాఠ్యప్రణాళికయు బోధింపదు. వెనుక బల్లమీది పిల్లవాని నుండి ముందు బల్లమీది పిల్లవానికి ఇది సంక్రమించును. ఉపాధ్యాయుని కంటబడినచో చెవి మెలివేతతో ప్రదర్శనము ముగియుటయు కలదు.

ఇంగ్లీషువారు దీనిని ఫ్లిప్‌బుక్ అందురు. జర్మనులు డౌమెన్‌కీనో అందురు. బొటనవ్రేలి సినిమా అని ఆ మాటకు అర్థము. తెలుగున దీనికి స్థిరమైన పేరు ఏర్పడలేదు గనుక ఇంగ్లీషు పేరే ఇచ్చట గ్రహింపబడినది.

సినిమా చరిత్ర వ్రాసినవారు పెక్కురు ఫ్లిప్‌బుక్కునకు ఒక వాక్యము కేటాయించి ముందునకు సాగుదురు. వారి లెక్కలో అది సినిమా అను మేడకు ఎక్కు మెట్లలో ఒకటి. ఈ అభిప్రాయము సగమే సత్యము. ఆ మెట్లలోని తక్కిన పరికరములు చాలవరకు ప్రదర్శనశాలల అద్దాల బీరువాలలో విశ్రమించుచుండగా ఫ్లిప్‌బుక్కు మాత్రము నేటికిని పిల్లల చేతులలో ఉన్నది. అంతేకాదు, మేడలోని గదులు కాలి కూలిపోయినపుడు ఈ మెట్టే నిలిచి, కూలిన గది యెట్లుండెడిదో లోకమునకు చూపిన సందర్భమును కలదు. ఆ సంగతి తగినచోట వచ్చును. ముందుగా ఇది పుట్టిన కాలమునకు పోవలెను.

పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున యూరపులో కంటిని భ్రమింపజేయు ఆటవస్తువులు ఒకదాని వెంట ఒకటి వెలువడినవి. 1825లో లండనులో జాన్ ఎయిర్టన్ పారిస్ అను వైద్యుడు ప్రచారమునకు తెచ్చిన థామట్రోపు అన్నిటికంటె సులభమైనది. ఒక అట్టబిళ్ళకు ఒకవైపున పిట్ట, రెండవవైపున పంజరము. రెండు ప్రక్కల దారములు కట్టి పురివేసి విడిచినచో పిట్ట పంజరములో కూర్చున్నట్లు కానవచ్చును. ఇది రెండు బొమ్మల కలయికయే గాని చలనము కాదు. చలనమును సాధించినది బెల్జియము దేశీయుడగు జోసెఫ్ ప్లాటో. 1832 చివరను ఆయన రూపొందించిన చక్రమునకు అంచు పొడుగున సన్నని చీలికలును, వాని నడుమ క్రమముగా మారుచు పోవు బొమ్మలును ఉండెను. చక్రమును అద్దమునకు ఎదురుగా పట్టి త్రిప్పుచు చీలికల గుండ చూచినచో బొమ్మ కదలును. అదే కాలమున వియన్నాలో సైమన్ స్టాంప్ఫర్ తనంతట తానే ఇట్టి చక్రమును నిర్మించుట విశేషము. లోకమునకు కదలు బొమ్మను చూపిన ప్లాటో 1843 నాటికి చూపును పూర్తిగా కోల్పోయెను. శాస్త్రప్రయోగమునకై సూర్యుని తదేకముగా చూచుటయే ఇందులకు కారణమని చిరకాలము చెప్పుకొనిరి. కంటిలోపలి వ్యాధియే కారణమై యుండవచ్చునని తరువాతి వైద్యుల తలంపు. అంధుడైన పిమ్మటను ఆయన దశాబ్దములపాటు శాస్త్రపరిశోధన సాగించెను.

1834లో బ్రిస్టలు వాసియగు విలియం జార్జి హార్నర్ ఈ చక్రమును గుండ్రని డబ్బాగా మార్చెను. 1860 దశకమున అది జూట్రోపు అను పేర అమెరికాలోను, ఇంగ్లండులోను ఇంటింటి ఆటవస్తువైనది. ఒకరు కాక నలుగురైదుగురు చుట్టును కూర్చుండి చూచుటకు అందు వీలు కలిగినది.

ఈ పరికరములన్నిటికిని ఒక సమాన లక్షణము కలదు. బిళ్ళయైనను, చక్రమైనను, డబ్బాయైనను అన్నియు గుండ్రనివే. పది పండ్రెండు బొమ్మలు వలయాకారముగ నుండును. చివరి బొమ్మ వెంటనే మొదటి బొమ్మ మరల వచ్చును. ఇట్టి వలయములో ఇముడునది తిరిగి తిరిగి వచ్చు పని మాత్రమే. గుఱ్ఱము పరుగెత్తవచ్చును, బాలిక త్రాడాట ఆడవచ్చును, వడ్రంగి రంపము కోయవచ్చును. గుఱ్ఱము గమ్యము చేరుటకు మాత్రము వీలులేదు. రంపము ఎంత కోసినను దుంగ తెగదు. గానుగెద్దునకు ఊరు చేరుట ఎట్లు లేదో ఈ బొమ్మలకు కథ చేరుట అట్లు లేదు.

1868 మార్చి 18వ తేదీన ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున జాన్ బార్న్స్ లినెట్ అను అచ్చుపనివాడు ఒక పేటెంటు పొందెను. దానికి ఆయన పెట్టిన పేరు కీనియోగ్రాఫు. కదలు బొమ్మ అని తాత్పర్యము. అందు చక్రము లేదు, చీలికలు లేవు, అద్దము లేదు. క్రమముగా మారు బొమ్మలను వరుసగా పేర్చి ఒక అంచున బిగించిన చిన్న పుస్తకము, దానిని త్రిప్పుటకు ఒక వ్రేలు, అంతే సామగ్రి. చూచుటకు ఇంత అల్పముగా నున్న ఈ మార్పుతో వలయము తెగి గీత అయినది. పుస్తకమునకు మొదటి పుట కలదు, చివరి పుట కలదు. కావున బొమ్మల కదలికకును ఆదియు అంతమును ఏర్పడినవి. గుఱ్ఱము పరుగెత్తి కంచె దూకి ఆగవచ్చును. దుంగ తెగి క్రిందపడవచ్చును. అటుపిమ్మట వచ్చిన సినిమాకు ప్రాణమైన ఈ గుణమును మొట్టమొదట సంపాదించినది ఏ యంత్రమో కాదు, కుట్టిన కాగితముల బొత్తి.

లినెట్ లిథో అచ్చు పనిలో నున్నవాడగుట కూడ ఆలోచింపదగినది. అచ్చుశాలలో పనిచేయువారు కాగితముల దస్తాను లెక్కించునపుడు అంచును వంచి బొటనవ్రేలితో జారవిడుచుట నిత్యకృత్యము. బొమ్మలు అచ్చువేసిన కాగితములు అట్లు జారుచుండగా ఎన్నడో ఒకనాడు ఆ కంటికి కదలిక తోచియుండునని ఊహించుట అసంగతము కాదు. ఊహ ఊహయే, పేటెంటు మాత్రము యథార్థము. 1882లో అమెరికాలో హెన్రీ వాన్ హోవెన్‌బర్గ్ ఇట్టి పుస్తకమునకే ఆ దేశపు పేటెంటు పొందెను. ఆ పిమ్మట ఇది అట్లాంటికు సముద్రమునకు ఇరువైపుల వ్యాపార ప్రకటనలతో కూడి చౌకగా వ్యాపించినది.

ఈ పుస్తకము పనిచేయు విధానము పైకి కనబడునంత సామాన్యము కాదు. పుటలను కేవలము వేగముగ త్రిప్పిన మాత్రమున బొమ్మ కదలదు, అలుకుకొనిపోవును. ప్రతి బొమ్మయు ఒక్క క్షణము నిశ్చలముగా నిలువవలెను, పిమ్మట తటాలున తొలగిపోవలెను, వెంటనే రెండవది అదే చోట నిలువవలెను. ప్లాటో చక్రమున ఈ పని చీలికలు చేసినవి. సినిమా యంత్రమున పండ్ల చక్రమును, వెలుగు నడ్డగించు రెక్కయు చేయును. ఫ్లిప్‌బుక్కున ఆ పని కాగితపు బిరుసుదనము చేయును. వంచిన పుట వ్రేలి నుండి తప్పించుకొని చటుక్కున పడును. దాని వెనుకటిది వ్రేలి క్రింద ఒక లిప్తకాలము ఆగును. కావుననే పలుచని కాగితముపై ఎంత చక్కని బొమ్మలు గీసినను ఆట సాగదు. కొంచెము దళసరి కాగితము కావలెను. పుటలన్నియు సరిసమానముగ కోయక అంచును కొంచెము ఏటవాలుగా కోసినచో ఒక్కొక్క పుట వ్రేలికి విడివిడిగా తగిలి రెండు పుటలు కలిసి పడు దోషము తప్పును. కుట్టు గట్టిగా నుండవలెను. లేనిచో బొమ్మ కదలుటకు మారు పుస్తకమే కదలును.

గీయువారికి తెలిసిన కిటుకు మరియొకటి కలదు. సాధారణముగ వారు చివరి పుటతో మొదలిడుదురు. దానిపై ముందరి పుటను వాల్చినపుడు క్రింది బొమ్మ లీలగా అగపడును. దానిని ఆధారము చేసికొని కొంచెము మార్చి పై బొమ్మను గీయుదురు. మార్పు కొంచెమైనచో కదలిక మెల్లగాను, ఎక్కువైనచో వేగముగాను తోచును. ఎగిరిన బంతి పైకి పోవుకొలది బొమ్మలు దగ్గరదగ్గరగాను, క్రిందికి వచ్చుకొలది దూరదూరముగాను గీసినచో బంతికి బరువు వచ్చును. నలువది పుటల పుస్తకము మూడు నాలుగు సెకండ్లలో ముగియును. అంతలోనే ఇంత లెక్క ఇమిడియున్నది.

ఇట్లు విడివిడి బొమ్మలు కదలికగా కానవచ్చుటకు హేతువేమి? కంటిలో ముందరి బొమ్మ ముద్ర ఆరకముందే రెండవది వచ్చి కలియుటయే హేతువని పందొమ్మిదవ శతాబ్దమున చెప్పిరి. నేటికిని కొన్ని పాఠ్యపుస్తకములలో అదియే కానవచ్చును. ముద్రలు కలియుట మాత్రమే నిజమైనచో థామట్రోపులో వలె పిట్టయు పంజరమును ఒకటగును గాని పిట్ట ఎగురదు. 1910లో మాక్స్ వెర్టైమర్ అను మనస్తత్త్వవేత్త రైలు ప్రయాణములో ఈ విషయము తలచుచు ఫ్రాంక్‌ఫర్టులో దిగి, పిల్లల ఆటచక్రము కొని, ప్రయోగము మొదలిడెనని ప్రసిద్ధి. 1912లో ఆయన ప్రకటించిన పరిశోధన ప్రకారము కదలికను మనస్సు తానే నిర్మించుకొనును. రెండు స్థానముల నడుమ లేని మార్గమును అది కల్పించును. గెస్టాల్ట్ మనస్తత్త్వశాస్త్రమునకు ఈ ప్రయోగములే పునాది. ఒక శాస్త్రశాఖ బొమ్మల అంగడిలో మొదలైనదనుట అతిశయోక్తి కాదు.

1890 దశకమునకు ఛాయాచిత్రము తోడగుటతో ఫ్లిప్‌బుక్కు కొత్తరూపములు దాల్చినది. బెర్లినులో స్క్లాడనోవ్‌స్కీ సోదరులు 1895 నవంబరులో తెరపై చిత్రములను ప్రదర్శించి పేరుగాంచిరి. వారిలో మాక్స్ తాను తీసిన చిత్రములను ఫ్లిప్‌బుక్కులుగా కూడ కూర్చెను. అమెరికాలో హెర్మన్ కాస్లర్ నిర్మించిన మ్యూటోస్కోపు బృహదాకారపు ఫ్లిప్‌బుక్కే. సుమారు 850 ఛాయాచిత్రములను ఒక ఇరుసు చుట్టును ఆకులవలె గ్రుచ్చి పెట్టెలో అమర్చిరి. నాణెము వేసి పిడి త్రిప్పినచో సుమారొక నిమిషము ఆట. త్రిప్పువాడు వేగము తగ్గింపవచ్చును, నచ్చినచోట ఆపవచ్చును. వెనుకకు మాత్రము త్రిప్పలేడు. సముద్రతీరపు వినోదశాలలలో ఇవి సినిమాహాళ్ళు వచ్చిన తరువాత కూడ దశాబ్దములపాటు నిలిచినవి.

ఇదే జాతికి చెందిన కినోరా అను చిన్న యంత్రమును లూమియేర్ సోదరులు 1896లో రూపొందించిరి. ఇంటి బల్లమీద పెట్టుకొని ఒకరిద్దరు చూచుటకు తగినది. దీనిని ఫ్రాన్సులో తయారుచేసినది గోమాఁ కంపెనీ. ఆ పేరు తెలుగువారి సినిమా చరిత్రకు క్రొత్తది కాదు. మచిలీపట్టణమున 1869లో జన్మించి చెన్నపట్టణమున ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతమున తెప్పించిన క్రోనోమెగాఫోను ఆ కంపెనీ యంత్రమే. బొమ్మతోపాటు ధ్వనిని వినిపించు ఆ యంత్రముతో ఆయన దక్షిణదేశమున ప్రదర్శనలిచ్చి, సింహళ బర్మాల వరకు సంచరించెను. ఒకే కార్ఖానా ఒకచేత గదిలో ఒంటరిగా చూచు కాగితపు బొమ్మను, మరొకచేత వందలమంది కూడి చూచు తెరబొమ్మను చేయుచుండెను. ఆ రెంటిలో ఏది నిలుచునో నాడు స్పష్టముగా తెలిసినవారు ఉండిరని తోచదు. పెద్దతెరయే గెలిచినది. లండనులోని కినోరా కార్ఖానా 1914లో అగ్నికి ఆహుతికాగా ఆ వ్యాపారము మరల తలయెత్తలేదు.

యంత్రముల ఈ సంరంభము నడుమ చేతితో గీసినవారి సంగతి మరువరాదు. 1892 అక్టోబరులో పారిస్ నగరమున ఎమీల్ రెనో తన చిత్రశాలను తెరచెను. పీయెరో కథను చెప్పు ఆయన చిత్రములో సుమారు 500 బొమ్మలే ఉన్నవి. పండ్రెండేసి చొప్పున నడిపినచో ఒక నిమిషమైన నిండదు. రెనో తన చేతులతో ఆ పట్టీని ముందునకు వెనుకకు నడిపి, ఒకచోట నిలిపి, మరొకచోట తొందరించి పదునైదు నిమిషముల కథగా మలచెడివాడు. అదే సంవత్సరము మహారాష్ట్రమున కల్యాణ్ పట్టణములో మహాదేవ్ గోపాళ్ పట్వర్ధన్ శాంభరిక్ ఖరోలికా అను పేర గాజుపలకలపై రంగులతో చిత్రించిన బొమ్మలను దీపపుపెట్టెల ద్వారా తెరపై చూపసాగెను. భంగిమలు కొద్దికొద్దిగా మారు పలకలను వెంటవెంట మార్చుటచే అందును బొమ్మలు కదలినట్లు తోచెడివి. పారిస్, కల్యాణ్ పట్టణములకు నడుమ ఎట్టి సంబంధమును లేదు. చేతులు మాత్రము ఒకే పని చేసినవి.

అమెరికాలో పత్రికలకు బొమ్మల కథలు గీయు విన్సర్ మెకే 1911లో లిటిల్ నెమో అను చిత్రమును నిర్మించెను. కుమారుడు ఇంటికి తెచ్చిన ఫ్లిప్‌బుక్కులను చూచి తనకు ఆ ఆలోచన కలిగినదని ఆయన చెప్పుకొనెను. సుమారు 4,000 బొమ్మలు గీసి, కెమెరాకు ఎక్కించుటకు ముందు మ్యూటోస్కోపు వంటి యంత్రమున త్రిప్పి సరిచూచుకొనెనట. అనగా తెరకు పోవు బొమ్మ ముందు కాగితపు బొత్తిలో ఉత్తీర్ణము కావలసి యుండెను. అటుపిమ్మట యానిమేషను శాలలలో పనిచేసిన చిత్రకారులందరును ఈ అలవాటును వదలలేదు. బల్లపై నాలుగైదు కాగితములు పెట్టుకొని, వ్రేళ్ళ సందున ఇరికించి, అటునిటు ఆడించి చూచికొనుట వారి చేతికి ఊపిరివంటిది. కంప్యూటరు వచ్చిన పిమ్మటను విద్యార్థికి తొలిపాఠముగా ఎగురు బంతిని కాగితపు బొత్తిలో గీయించు గురువులు పెక్కురు కలరు.

మన దేశమున దాదాసాహెబ్ ఫాల్కే కూడ తొలుత ఇట్టి మార్గమునే త్రొక్కెను. రవివర్మ చిత్రముల అచ్చుశాలలో పనిచేసి, పిమ్మట స్వయముగా ముద్రణాలయమును నడిపినవాడు ఆయన. లినెట్ వలె అచ్చుపని తెలిసినవాడే. 1912లో లండను నుండి కెమెరా తెచ్చుకొని, పెట్టుబడి పెట్టువారికి నమ్మకము కలిగించుటకై కుండీలో బటానీ గింజ నాటి, దినమునకు ఒక్కొక్క బొమ్మ చొప్పున నెలకు పైగా తీసెను. తెరపై ఆ మొక్క నిమిషమాత్రములో మొలచి తీగ సాగినది. రాజా హరిశ్చంద్ర (1913) తీయుటకు ధనము లభించినది ఈ బటానీ మొక్క వలననే. దినమున కొక బొమ్మ పేర్చి పిమ్మట ఒక్కసారి జారవిడుచు ఈ పద్ధతి ఫ్లిప్‌బుక్కు పద్ధతి కాక మరేమి?

ఇక ఇన్ని యంత్రములు పుట్టి గిట్టగా ఈ పుస్తకమేల నిలిచినదన్న ప్రశ్న మిగిలియున్నది. చౌకయనుట ఒక సమాధానము; చాలిన సమాధానము కాదు. చౌకైన వస్తువులు ఎన్నియో మరుగుపడినవి. సినిమాకు పోయినవాడు కాలమును ఇతరుల వశముచేసి కూర్చుండును. తెరపై బొమ్మ సెకండుకు ఇరువదినాలుగు చొప్పున అతని అనుమతి లేకయే నడచును. ఫ్లిప్‌బుక్కున కాలము వ్రేలి వశమున నుండును. మెల్లగా విడిచినచో పువ్వు సావకాశముగ విచ్చుకొనును, త్వరపెట్టినచో ప్రేలును. నడుమ ఆపవచ్చును, వెనుకనుండి త్రిప్పి విరిసిన పువ్వును మొగ్గ చేయవచ్చును. నడిపించువాడును చూచువాడును ఒక్కడే. కదలు బొమ్మ రహస్యము దాగుట కూడ లేదు. ఆగినచోట పుట విప్పి చూచినచో అందు నిశ్చలమైన గీతలే కనబడును. మోసము చేయుచు, మోసమును చూపుచు, మరల మోసగింపగలుగుట గారడీవానికిని సాధ్యము కాదు.

తోలుబొమ్మలాట నెరిగిన తెలుగువారికి ఈ భేదము సులభముగా బోధపడును. తోలుబొమ్మకు భుజమున, మోచేతికడ కీళ్ళుండును. ఆటగాడు పుల్లను కదిలించును. చేయి నిజముగానే కదలును. అందు కదలిక సత్యము, నీడ మాయ. ఫ్లిప్‌బుక్కు బొమ్మకు కీళ్ళు లేవు, అది ఎన్నడును కదలదు. అందు బొమ్మ సత్యము, కదలిక మాయ. ఐనను రెండు చోట్లను కదలికను నడుపునది చేయియే. హనుమంతుని తోక ఎప్పుడు విసరవలెనో, సీత తల ఎంత మెల్లగా వంగవలెనో ఆటగాని వ్రేళ్ళు నిర్ణయించును. ప్రసంగవశమున ఒక సంగతి చెప్పవచ్చును: నిమ్మలకుంట మొదలగు గ్రామములలో ఈ ఆటను తరతరములుగా తెలుగున ఆడు కుటుంబములు ఇంట మాటలాడుకొనునది మరాఠీ మాండలికము. ఇంటి భాష ఒకటి, ఊరి భాష మరొకటియై జీవించు పొరుగురాష్ట్రపు తెలుగువారికి ఇది వింతగా తోచదు.

చిత్రకారులు కూడ ఈ పుస్తకమును పిల్లల పాలు చేసి విడువలేదు. 1955లో పారిస్‌లో చలనకళా ప్రదర్శనము జరిగిన సందర్భమున అమెరికను చిత్రకారుడు రాబర్ట్ బ్రీర్ ఒక ఫ్లిప్‌బుక్కును కూర్చెను. 2005లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ కళాప్రదర్శనశాలలో కేవలము ఫ్లిప్‌బుక్కులకే ఒక ప్రదర్శనము ఏర్పాటైనది.

మొదట వాయిదా వేసిన సంగతి ఇక చెప్పవలసియున్నది. తొలినాటి సినిమా ఫిల్ము నైట్రేటుతో చేసినది. నిప్పు తగిలినచో భగ్గుమనును, తగులకున్నను కొంతకాలమునకు తానే జిగురై పొడియై నశించును. 1896 నుండి చిత్రములు తీసిన ఫ్రెంచి మాంత్రికుడు జార్జి మెలియేస్ చిత్రములు 500కు పైబడినవి. వాని ప్రతులు కొన్ని మొదటి ప్రపంచయుద్ధకాలమున కరగింపబడి సైనికుల పాదరక్షల మడమలకు ఉపయోగపడినవి. 1923లో దివాలాతీసి కడుపుమండిన మెలియేస్ తన మూలప్రతులను తానే తగులబెట్టెను. రెనో కూడ చివరి దినములలో తన చిత్రపు పట్టీలను చాలవరకు సీన్ నదిలో పారవైచెను. మెలియేస్ చిత్రములలో సగమైనను నేడు మిగులలేదు.

అయితే 1896 మొదలు కొన్ని సంవత్సరములపాటు పారిస్‌లో లెయోఁ బోల్యూ అను వ్యాపారి, నాటి ఫిల్ములనుండి కొన్ని సెకండ్ల భాగములను కాగితముపై అచ్చువేయించి ఫ్లిప్‌బుక్కులుగా అమ్మెను. కొన్నవారు పిల్లలకిచ్చిరి. పిల్లలు ఆడుకొని మూలపడవేసిరి. శతాబ్దము గడచిన పిమ్మట ఫ్లిప్‌బుక్కులను సేకరించు పాస్కల్ ఫూషే తోడ్పాటుతో తియెర్రీ లెకోయంత్ అను పరిశోధకుడు ఇట్టి పుస్తకములను ఒక్కొక్కటిగా పరిశీలించి, తెర అలంకరణమును, నటుల వేషములను, పాత జాబితాలను పోల్చి చూడగా వానిలో కొన్ని మెలియేస్ పోయిన చిత్రముల భాగములని తేలినది. ఆ పరిశోధన 2020లో గ్రంథరూపమున వెలువడినది. ఎవరును మరల చూడజాలమనుకొన్న చిత్రము కొన్ని సెకండ్లు తిరిగివచ్చినది. దానిని కాపాడినది భాండాగారము కాదు, ఆటబొమ్మల పెట్టె.

అమెరికాలో కూడ కాగితమే ఇట్టి మేలు చేసినది. 1912 వరకు అచ్చటి చట్టమున చలనచిత్రమునకు ప్రత్యేక హక్కు లేనందున నిర్మాతలు తమ ఫిల్ములను ఫొటోలుగా కాగితపు చుట్టలపై ముద్రించి కాంగ్రెస్ గ్రంథాలయమున దాఖలు చేసిరి. ఫిల్ములు పోయినవి, చుట్టలు మిగిలినవి. 1950 దశకమున వానిని ఒక్కొక్క బొమ్మగా మరల ఫిల్ముకు ఎక్కించిరి. మూడువేలకు పైబడిన చిత్రములు ఆ విధముగా బ్రదికినవి.

తెలుగువారి పాలికి ఈ అదృష్టము కలుగలేదు. రఘుపతి వెంకయ్య ప్రోత్సాహమున ఆయన కుమారుడు ప్రకాశ్ విదేశములలో పని నేర్చివచ్చి 1921లో చెన్నపట్టణమున భీష్మప్రతిజ్ఞ అను మూకచిత్రమును తీసెను. తెలుగువారి తొలి కథాచిత్రమది. దాని ప్రతి నేడు లభించుట లేదు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వెంకయ్య పేర పురస్కారమును నెలకొల్పినది. ఆ కుటుంబము శ్రమించి తీసిన తొలి చిత్రపు ఒక్క నిమిషము మాత్రము తెలుగు బిడ్డ చూచుటకు నోచుకొనలేదు. చెన్నపురి అంగళ్ళలో బొమ్మల పుస్తకములు నాడును చౌకగా అమ్మెడివారు. అట్టివారిలో ఒక్కడు ఆ ఫిల్ము నుండి ఏబది బొమ్మలు ముద్రించి, కుట్టి, కాని రెండు కానులకు అమ్మియుండినచో, ఏ ఇంటి పాతపెట్టెలోనో భీష్ముడు నేటికిని ప్రతిజ్ఞకు చేయి ఎత్తుచుండెడివాడు. పొరుగురాష్ట్రములలో మూడు నాలుగు తరములనుండి ఇల్లు మారని తెలుగు కుటుంబములు కలవు. అటకలమీది పెట్టెలు దులుపునపుడు మూలలో బొమ్మలున్న చిన్న పుస్తకము కనబడినచో పారవేయక ఒకసారి అంచు వంచి చూచుట మంచిది.

పారిస్ ఫ్లిప్‌బుక్కులు ఇప్పుడు నూట ఇరువది సంవత్సరములు పైబడిన వస్తువులు. అంచులు అరిగినవి, కాగితము పెళుసుబారినది. వానిని వ్రేలితో త్రిప్పుట ఇక తగదు. ఒక్కొక్క పుటను విప్పి, బల్లపై పరచి, స్కానరుతో బొమ్మ తీసి, కంప్యూటరులో వరుసగా పేర్చుదురు. అప్పుడు తెరమీద మెలియేస్ నటులు మరల కదలుదురు. ఆ బొమ్మలలో పుటల క్రింది మూల తక్కిన భాగముకంటె మాసియుండును. ఆ పుస్తకము ఆడుకొన్న పిల్లల బొటనవ్రేళ్ళు తగిలిన చోటది.